ఒక్కసారి బయటినుంచి

పసుపు రంగు లాంబోర్గిని కస్తూర్బా రోడ్డు సిగ్నల్ దగ్గర ఆగగానే ఫుట్‌పాత్ మీద పదిహేను ఫోన్లు ఒక్కసారిగా లేచాయి.

ఓబులేష్ మాత్రం వాచీ చూసుకున్నాడు. ఏడుంబావు.

ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉంటాయని బెంగళూరులోని గొప్ప కార్లన్నీ ఈ వేళకే బయటికొస్తాయి. వాటిని ఫోటోలు తీయడానికి ఈ పిల్లలూ వస్తారు. అరవై ఏళ్ల వయసు, ఇస్త్రీ చొక్కా, చేతిలో కెమెరా లేదు. వాళ్ల మధ్య ఓబులేష్ పిలవని పెళ్లికి వచ్చిన చుట్టంలా ఉన్నాడు.

"అంకుల్, కొంచెం వెనక్కి జరుగుతారా ప్లీజ్? ఫ్రేమ్‌లోకి వస్తున్నారు," అంది పక్కనున్న అమ్మాయి.

పేరు నవ్య. మడివాళలో పీజీలో ఉంటుందట. ఫోనులో వాళ్లమ్మతో తెలుగు మాట్లాడుతుంటే విని, ఇందాక అతనే పలకరించాడు.

"మీరు ఏ కార్ కోసం వెయిటింగ్?"

"పాతదొకటి వస్తాదమ్మా."



ముప్పై ఏళ్లుగా రాజగోపాల్ గారి స్పోర్ట్స్ కారుకు డ్రైవరూ అతనే, మెకానిక్కూ అతనే. అరవై నాలుగు మోడల్ ఇంగ్లీషు బండి. రెండే సీట్లు, టాపు లేదు, ముదురాకుపచ్చ రంగు, స్పోకుల చక్రాలు. ముసలి బండి కదా, ఎక్కడ మొరాయిస్తుందో ఎవరికీ తెలియదు. అందుకే పెద్దాయన ఒక రూలు పెట్టాడు. బండి గేటు దాటితే ఓబులేష్ లోపల ఉండాల్సిందే.

ఆగి ఉన్న కారును అతను అన్ని వైపులనుంచీ చూశాడు. కింద పడుకునీ చూశాడు. రోడ్డు మీద పోతుండగా మాత్రం ఒక్కసారీ చూడలేదు. అది పోతోందంటే అతను లోపల ఉన్నట్టే.

పెద్దాయన పోయి ఏడాదైంది. కారు అమ్మేశారు. రేపు లారీ ఎక్కి కోయంబత్తూరు వెళ్లిపోతుంది.

ఆఖరిసారి తానే తోలుతానంది ఆయన కూతురు నళిని. పదిహేను రోజులు ఓబులేష్ దగ్గరే నేర్చుకుంది. ఈ పొద్దున కూడా ఆమె పక్క సీటులో కూర్చుందామని అతను ఎడమ తలుపు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"నువ్వు రావద్దు ఓబులేషన్నా. ముప్పై ఏండ్లు లోపలే కూచోనుండావు. ఒక దినం కస్తూర్బా రోడ్డు మీద నిల్చుకొని చూడు."

"నడిమధ్యలో ఆగిపోతే ఏం చేస్తావు నళినమ్మా?"

"ఆగితే ఆగనీ."

అప్పట్నుంచీ ఓబులేష్‌కు కాలు నిలవడం లేదు. తన పెళ్లిచూపుల నాడు కూడా ఇంత హడావిడి పడలేదు.

లాంబోర్గిని ఉరుముతూ వెళ్లిపోయింది. పిల్లలు కేకలు పెట్టారు. నిజంగానే బాగుందని ఓబులేష్ కూడా ఒప్పుకున్నాడు. చేసినవాళ్ల చేతులకు దండం పెట్టొచ్చు.

అప్పుడు వినిపించింది. మూడో గేరు నుంచి రెండో గేరుకు, తొందర లేకుండా, తాను నేర్పినట్టే.

"గైస్, క్లాసిక్! సిక్స్టీస్ రోడ్‌స్టర్!" నవ్య కెమెరా కంటికి ఆనించింది.

ఆకుపచ్చ కారు మలుపు తిరిగి సిగ్నల్ దగ్గర ఆగింది. దాంతోపాటే ఇంజనూ ఆగిపోయింది.

పచ్చలైటు పడింది. వెనక టాక్సీ హారన్ కొట్టింది. నళిని తాళం తిప్పింది. బండి లేవలేదు. మళ్లీ తిప్పింది. ఊహూఁ.

చలి పొద్దు. ఇంటినుంచి రెండు కిలోమీటర్లు కూడా రాలేదు. ఇంజను వేడెక్కేదాకా లాగి ఉంచాల్సిన చోక్ పిడిని ముందే లోపలికి తోసేసి ఉంటుంది. ఓబులేష్‌కు ఉన్నచోటి నుంచే తెలిసిపోయింది.

పరిగెత్తితే పది అడుగులు. పక్కన కూర్చుంటే అర నిమిషం పని. కానీ వెనక బళ్లు తోసుకొస్తుంటే మళ్లీ దిగడం కుదరదు. ఈ ఒక్కసారీ లోపలే అయిపోతుంది. రేపు లారీ.

అతని కాలు ఫుట్‌పాత్ దిగింది.

నళిని తలెత్తి అతన్ని చూసింది. రమ్మనలేదు.

ఓబులేష్ కాలు వెనక్కి తీసుకున్నాడు. పిడికిలి బిగించి, ఆమెకు కనిపించేలా గుండె వైపు లాగాడు. సగం దాకా లాగి ఆపాడు.

ఆమె చెయ్యి చోక్ మీదికి వెళ్లింది. తాళం తిప్పింది.

బండి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. లేచింది.

ఫుట్‌పాత్ అంతా ఈలలు.

కారు అతని ముందునుంచే పోయింది. నళిని పక్క సీటు ఖాళీగా ఉంది.

లోపల కూర్చున్నప్పుడు అతనికి వినిపించేవన్నీ దాని జబ్బులే. తలుపు గడగడలు, గేర్‌బాక్సు మూలుగు. బయటికి అవేవీ తెలియడం లేదు. నిండైన గొంతు ఒక్కటే. ఎన్ని ఆదివారాలు కూర్చుని ఒక్కో స్పోకూ తుడిచాడో! పోయేటప్పుడు ఒక్క స్పోకూ కనిపించదు, చక్రమంతా ఒకటే వెండి మెరుపు. ఇంత చక్కనిదా ఇది? ఇన్నేళ్లూ ఇందులోనా తాను తిరిగింది?

గేరు మారే చోట, చెప్పులో ఉన్న అతని ఎడమ కాలు దానంతటదే క్లచ్ తొక్కినట్టు నేలను నొక్కింది.

కబ్బన్ పార్కు చెట్ల నీడలోకి వెళ్లి కారు ఆకుపచ్చలో కలిసిపోయింది.

నవ్య కెమెరా దించింది. మొహం వెలిగిపోతోంది.

"ఏముంది అంకుల్ అసలు! ఈ కార్ ఇంతకుముందు ఎప్పుడైనా చూశారా?"

ఓబులేష్ ఇంకా చెట్లవైపే చూస్తున్నాడు.

"లేదమ్మా," అన్నాడు. "ఈ పొద్దే చూడ్డం."