నమస్కారం తర్వాత

ముందు నమస్కారం పెట్టాలి.

నిన్న సెలవిచ్చినందుకు థాంక్స్ చెప్పాలి.

చిల్లులు పడ్డ ఐసు డబ్బాలు మార్పించమని అడగాలి.

తూకం మిషను తప్పు చూపిస్తోందని చెప్పాలి.

వెనక గదిలో వెల్డింగు ఆపించాలి.

మేనేజరు గది బయట నిలబడి అన్నీ మరోసారి మనసులో అనుకుంది ఆ అమ్మాయి.

ఐసు ఫ్యాక్టరీలో కొత్తగా చేరిన సూపర్‌వైజరు. ఇంటిల్లిపాదిలో కాలేజీ మొహం చూసింది తనొక్కతే. పెద్దవాళ్ల దగ్గర అసలు సంగతి గబుక్కున కక్కెయ్యకూడదని, మంచీచెడూ మాట్లాడి మెల్లగా అక్కడికి రావాలన్నది నాన్న నేర్పిన పద్ధతి.

తలుపు మీద చెయ్యి వేసిందో లేదో, పక్క బెంచీ మీంచి ఓ గొంతు.

"ఏం చెప్పబోతున్నావమ్మా?"

టోల్‌గేటు తాత!

ఎవరో ఏమిటో ఆమెకు తెలీదు. తరచూ వచ్చి ఆ బెంచీ మీద కూర్చుంటాడు. లోపలికెళ్లే ప్రతి ఒక్కరినీ ఆపి ఇదే ప్రశ్న. ఆయనకు జవాబు కట్టందే దారి దొరకదని ఆ పేరు పెట్టారు.

"మీకెందుకండీ తాతగారూ? అవతల తొందరగా ఉంది."

"ఆ తొందరేమిటో చెప్పు."

వదిలేలా లేడు. వరసగా మొదలుపెట్టింది. సెలవు, డబ్బాలు, తూకం మిషను...

"ఆగాగు. ఇందులో తొందరేముంది?"

"చెప్పనివ్వండి మరి! పైపులో అమ్మోనియా గ్యాసు ఇంకా ఉంది. మీటరు ముల్లు కిందికి దిగలేదు. వెల్డరన్నేమో టీ తాగొచ్చి ఆ పైపే అతుకుతాడట. ఆపన్నా అంటే, 'మేనేజరు చెబితేనే ఆపుతా చెల్లెమ్మా, పని కాకపోతే తిట్లు తినేది నేను' అంటున్నాడు."

తాత లేచి నిలబడ్డాడు.

"అది తీసుకెళ్లి తోకలో కట్టావేం?"

"వెళ్లీ వెళ్లగానే అదెలా అంటామండీ? మర్యాదగా ఉండొద్దూ?"

"ఆయన చెవి నీ మొదటి మాట వరకే నీది తల్లీ. రెండో మాటకి ఫోను మోగుతుంది. మూడో మాటకి ఇంకెవరో వస్తారు. ఏం ఆపాలో ముందు చెప్పు, ఎందుకో ఆ వెంటనే చెప్పు. నమస్కారం బయటికొచ్చేటప్పుడు పెట్టుకో."

'అబ్బ, ఏం నస!' అనుకుంటూ తలుపు తోసుకుని వెళ్లింది.

'నమస్కారమండీ' నాలుక చివరిదాకా వచ్చింది. ఎందుకో మింగేసింది.

"సార్, వెల్డింగు ఆపాలి. పైపులో ఇంకా గ్యాసుంది."

అప్పుడే ఫోను మోగింది. మేనేజరు దాని వంకైనా చూడలేదు. కుర్చీ వెనక్కి పడేలా లేచి, వెనక గదికి ఒకటే పరుగు.

వెల్డరు అప్పటికే మొహానికి మాస్కు తగిలించుకున్నాడు.

"ఆపు! చేతిలోది కింద పెట్టు!"

కాసేపటికి మీటరు చూశాక వెల్డరు మొహాన నెత్తుటి చుక్క లేదు.

"చెల్లెమ్మా, నా కూతురికి నీ పేరే పెట్టుకుంటా."

"ఉన్న ఇద్దరికీ పేర్లు పెట్టేశావుగా అన్నా!"

"అయితే మీ వదిన్ని అడుగుతాలే."

అంత భయంలోనూ అందరూ నవ్వేశారు.

తాతకి థాంక్స్ చెబుదామని ఆమె పరుగున వచ్చింది. బెంచీ ఖాళీగా ఉంది.

"ఇక రాడమ్మా" అన్నాడు వాచ్‌మన్. "వంట్లో బాగాలేదని కూతురు తన ఊరికి తీసుకెళ్లిపోతోంది. అందరికీ చెప్పి పోదామని వచ్చాడు ఇవాళ."

ఆమె మనసు చివుక్కుమంది. ఆయన్ని ఏనాడూ టీ తాగారా అనైనా అడగలేదు.

"ఎవరాయన?"

"వెనకటికి ఇక్కడ గ్యాసు లీకై ఒకతను పోయాడు. వాసన వస్తోందని చెప్పడానికి ఫిట్టరు ముందే వచ్చాడు. నమస్కారంతో మొదలెట్టి, అసలు మాట దాకా రానేలేదు. 'తర్వాత రావయ్యా' అని పంపేశారు."

"ఆ ఫిట్టరేనా ఈయన?"

వాచ్‌మన్ తల అడ్డంగా ఊపాడు.

మీరూ ఎప్పుడైనా ఓ తలుపు ముందు నిలబడి మాటలు పేర్చుకుంటుంటే, 'తర్వాత రావయ్యా' అన్న ఆ రోజే ఉద్యోగం వదిలేసి, తన గది బయట బెంచీ మీదే ఇన్నేళ్లూ కాపలా కూర్చున్న ఆ పాత మేనేజరుని ఒక్కసారి గుర్తుచేసుకోండి.