అక్క లేని గది

నిద్రకు మొహం వాచిన కూతుర్ని తల్లి ఆ సాయంత్రమే మానసిక చికిత్సాలయంలో చేర్పించి వచ్చింది. పదహారేళ్ల పిల్ల నెలల తరబడి రాత్రంతా లైటు వేసుకుని, మంచం మీద కూర్చునే తెల్లవారుస్తోంది. "కొన్నాళ్లు ఇక్కడే ఉండనివ్వండి, కోలుకుంటుంది" అన్నాడు డాక్టరు. పిల్ల పేచీ పెట్టలేదు. గేటు దగ్గర మాత్రం తల్లి చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, నా గదిలో లైటు తీసెయ్యకు. వాడు జడుసుకుంటాడు."

"అలాగేలే, బంగారం" అంది తల్లి, పిల్ల మనసు కష్టపెట్టడం ఇష్టంలేక.

రాత్రి ఇల్లు బావురుమంటుంటే వెళ్లి కూతురి మంచం మీద పడుకుంది. అలవాటుగా లైటు తీసేసింది.

బీరువా వెనకనుంచి సన్నగా వెక్కిళ్లు వినిపించాయి. పసివాడెవడో నోరు నొక్కుకుని ఏడుస్తున్నట్టు. ఆమె తడుముకుంటూ లైటు వేసింది. ఏడుపు ఆగింది. బీరువాకీ గోడకీ మధ్య బెత్తెడు సందు కూడా లేదు.

"అక్కేదీ?" అని అక్కణ్నుంచే అడిగింది ఆ గొంతు.

ఆమె గుమ్మం దాకా పరుగెత్తింది. ఇన్ని నెలలూ తన పిల్ల ఒక్కతే ఈ గొంతును ఓదారుస్తూ కూర్చుందని తోచేసరికి అక్కడే ఆగిపోయింది. తిరిగొచ్చి మంచం మీద కూర్చుంది.

"అక్కకి ఒంట్లో బాగోలేదు నాన్నా" అంది. "నయమయ్యాక వస్తుంది. దాన్ని కాస్త నిద్రపోనీ. అందాకా నేనున్నాగా."

కాసేపటికి ఆమె పక్కన పరుపు మెల్లగా కుంగింది.

ఆమె కాస్త జరిగి చోటిచ్చింది.