సైకిల్‌కి ముహూర్తం

అప్పటికి అందరిదీ ఫ్రీలాన్స్ బతుకే. పని ఎప్పుడొస్తుందో, ఎప్పుడు ముగుస్తుందో తెలియదు. క్లయింట్ పిలిస్తే చేతి పట్టీ ఎర్రగా వెలుగుతుంది, అన్నం ముందు నుంచైనా లేవాలి. ముహూర్తం పెట్టించుకున్న గంటలో మాత్రం వెలగదు. ఆ ఒక్కదానికే క్లయింట్లు ఒప్పుకున్నారు.

అందుకే బెజవాడలో ఉండే హైమ, పురోహితుడు అవధానిగారి దగ్గరికి వెళ్లింది. కూతురు మేఘకి సైకిల్ నేర్పుతూ ప్రతిసారీ పట్టీ వెలగడంతో మధ్యలో వదిలేసి పనికి పరుగెత్తింది. ఇక సైకిల్ ఎవరికైనా ఇచ్చేద్దామని నిన్న పిల్ల అంది.

"సైకిల్ నేర్పడానికి ముహూర్తం కావాలి పంతులుగారూ."

"పంచాంగంలో అలాంటిది లేదమ్మా."

"మా పక్కింటాయనకి నిద్రపోవడానికి పెట్టారుగా?"

"అది గృహప్రవేశం కింద రాశాను. ఉన్న ఇంట్లోకే మళ్లీ ప్రవేశించాడు. సరే, నీది వాహన పూజ. ఆదివారం సాయంత్రం."

అంతలో ఆయన చేతి పట్టీ ఎర్రబడింది. ముహూర్తాల కోసం ఆయనకీ ఒకటే పిలుపులు. ఆయన దాన్ని పంచెతో కప్పేశారు.

"పూజకి నేనే వస్తాను తల్లీ."

"సైకిల్‌కి మీరెందుకండీ, శ్రమ?"

"పూజ చేయించేవాడికీ ఆ గంట ఈ పట్టీ వెలగదు."

ఆదివారం హ్యాండిల్‌కి బొట్టు పెట్టి, చక్రంతో నిమ్మకాయ తొక్కించి, అవధానిగారు పార్కు బెంచీ మీద నడుం వాల్చారు. కాసేపటికి గురక.

సీటు పట్టుకుని పరుగెడుతున్న హైమ చెప్పకుండా చెయ్యి వదిలింది. మేఘ ఒక్కతే మలుపు దాకా వెళ్లి, ఆగి, భయంగా వెనక్కి చూసింది.

"అమ్మా, వెళ్లిపోయావా?"

"ఇక్కడే ఉన్నానే. నువ్వే వెళ్లిపోయావు."