తొమ్మిదో అంకె

ఆ భవనానికి అంతస్తులు ఎనిమిదే. అందుకే ప్రోగ్రామర్ అమ్మాయి తన లిఫ్ట్ యాప్‌లో ఎనిమిది బటన్లే పెట్టి, ఒక్కోదానికి ఒక్కో అంకె తగిలించింది. ఏ బటన్ నొక్కినా దాని అంకె ఒకే ఫంక్షన్‌కి చేరుతుంది. అది ఆ అంకెను కంప్యూటర్ తెర మీద చూపించి, లిఫ్ట్‌ను ఆ అంతస్తుకు పంపుతుంది. అంతకు మించి దానికి ఏ పాపమూ తెలియదు.

రాత్రి రెండు దాటింది. ఎనిమిదో అంతస్తులో ఆమె ఒక్కతే ఉంది. యాప్ ఉన్న ఫోన్ బల్ల మీద బోర్లా పడి ఉంది. అయినా కంప్యూటర్ తెర మీద ఒక అంకె పడింది: 9.

గోడ అవతల లిఫ్ట్ కదిలి, ఆమె నెత్తి మీదుగా పైకి పోయింది. తెర మీద నలభై పడింది. తర్వాత మూడు వందలు.

కింద కాపలా ఉండే పెద్దాయనకు ఆమె ఫోన్ చేసింది.

"బాబాయ్, లిఫ్ట్ ఎక్కడుంది?"

"తలుపు సందులోంచి టార్చి వేసి చూస్తున్నానమ్మా," అన్నాడాయన గుసగుసగా. "దాని అడుగున వేలాడే తీగ ఇంకా పైకి పోతూనే ఉంది. ఇంత తీగ ఎక్కడిది తల్లీ దీనికి?"

చప్పుడు సన్నబడి సన్నబడి ఆమె ఊపిరి కన్నా మెత్తనైంది. ఆకాశం ఇంత ఎత్తుంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

అంతా ఆగింది. ఎంత పైనుంచో, తలుపు తెరుచుకుని మూసుకున్న చప్పుడు స్పష్టంగా వినిపించింది.

తెర మీద కొత్త అంకె పడింది: 8.

ఆమె అరవలేదు, పారిపోలేదు. లేచి నిలబడి, చెప్పులు విప్పి పక్కన పెట్టింది.