ఊడిన పూత

టక్కున ఊడింది.

పరీక్ష యంత్రం పట్టి లాగిన నమూనా ముక్క మీంచి పూత పెంకులా లేచి వచ్చింది.

"మళ్ళీ పోయిందమ్మా," అన్నాడు కొత్తగా వచ్చిన టెస్టరు, తలెత్తకుండా.

టర్బైన్ బ్లేడ్లు అరిగిపోకుండా వాటి మీద లోహపు పొడిని కరిగించి చిమ్మడం ఆమె పని. బ్లేడ్లతో పాటే ఒక చిన్న ముక్కకీ పూత వేస్తారు. ముక్క నిలిస్తే బ్లేడ్లు నిలిచినట్టే.

"ఇంకోటి ఊడిందా, బూత్‌లోంచి తీసేసి పాలిష్ బల్ల దగ్గర కూర్చోబెడతా," అన్నాడు ఫోర్‌మన్.

పూత చిమ్మే ఆ గాజు గోడల బూత్ కోసమే ఆమె వేరే ఫ్యాక్టరీ వదిలి వచ్చింది. లోపల ముసుగు తొడిగితే ఆమె ఊపిరి ఆమెకే వినిపించేది. ఈమధ్య అందులో ఏదో గరగర. దాన్ని వినకుండా ఉండటం కూడా నేర్చుకుంది.

"దగ్గు తగ్గలేదా?" అని టెస్టరు ఒకసారి అడిగాడు.

"మీ లాగుడు తగ్గితే అదే తగ్గుతుంది."

అతను నవ్వలేదు.

ఈసారి ఊడిన పూతను ఆమె తిరగేసి భూతద్దం కింద పెట్టింది.

అడుగున సన్నటి గీతలు. వేలిముద్ర.

గరుకు చేసిన లోహాన్ని ఒట్టి చేత్తో ముట్టుకోకూడదని అక్కడ ఊడ్చేవాళ్ళకీ తెలుసు. చేతి జిడ్డు తగిలితే పూత అంటుకోదు. ముక్కలు తెచ్చి బిగించేది టెస్టరే.

"నీ వేలేనా ఇది?"

అతను చెయ్యి దాచుకోలేదు.

"బ్లేడ్ల జోలికి పోలేదమ్మా. ముక్కనే ముట్టుకున్నా."

"నా కడుపు మీద కొడితే నీకేం వస్తుంది?"

అతను బూత్ గాజు గోడల వైపు చూశాడు.



"చెబితే వినేవాళ్ళు కాదమ్మా ఆ గదిలోకి వెళ్ళేది," అన్నాడు. "పాలిష్ బల్ల మంచిది. పక్కన కిటికీ ఉంటుంది."

ఆమె ఆ వేలిముద్ర చూపించగానే ఫోర్‌మన్ అతన్ని పనిలోంచి పంపేశాడు.

మర్నాడు ఆమె బూత్‌లోకి వెళ్ళింది. వెనక తలుపు బిగుసుకుంది. పొడిని చిమ్మే గన్ వెలిగాక, పూత పూర్తయ్యేదాకా ఆ తలుపు తెరుచుకోదు.

గెలిచిన తేలిక ఎందుకో రాలేదు. గన్ వెలిగించి మైకులో అడిగింది.

"ఇంతకీ ఎవరు సార్ అతను? నా మీద ఏం పగ?"

"పగేంటి, నీ మొహం," స్పీకర్లోంచి ఫోర్‌మన్ గొంతు మామూలుగానే వచ్చింది. "నీకంటే ముందు ఈ బూత్‌లో చేసి, ఊపిరితిత్తులు పాడై చనిపోయిందే ఒకావిడ, ఆవిడ మొగుడు."