దవాఖాన చివరి గది

"కర్ణాకర్, నువ్వేమంటవ్?" అన్నాడు సర్పంచ్ ఇస్తారి.

పంచాయతీ ఆఫీసులో అందరూ కర్ణాకర్ వైపు తిరిగారు. అతను వార్డు మెంబరు కాదు, అతనికి ఓటు లేదు. అయినా తెలంగాణ ఉద్యమం రోజులవి. సిద్దిపేట రోడ్డు మీద దీక్ష టెంటు నడిపేది అతనే. టెంటు కాదన్న పని ఆ ఊళ్లో జరగదు.

తేలాల్సింది ఒకటే. నిజాం కాలంలో డంగుసున్నంతో కట్టిన పాత దవాఖానను పంచాయతీ అమ్మేస్తోంది. కొంటామని ఇద్దరు ముందుకొచ్చారు. సర్కారు కట్టిన ధరకు ఇద్దరూ ఒప్పుకున్నారు. ఎవరికివ్వాలో మెంబర్లు చేతులెత్తి చెప్పాలి.

ఒకరు రైసుమిల్లు రాజమల్లయ్య. కూలగొట్టి దుకాణాలకు షెటర్లు వేస్తానన్నాడు. ఆయన దగ్గర దాపరికం లేదు.

రెండో మనిషి అమృతమ్మ. ఎప్పుడో ఆంధ్ర వైపు నుంచి నర్సు ఉద్యోగానికి వచ్చింది. ఇక్కడే పెళ్లి చేసుకుని ఇక్కడే ఉండిపోయింది. ఆ దవాఖానలోనే ముప్పై ఆరేళ్లు చేసి రిటైరైంది. ఊరందరికీ సిస్టరమ్మ. ఒక్క ఇటుక కూడా కదపనంది. దూరపు తండాల నుంచి వచ్చే నెలలు నిండిన ఆడవాళ్లు ఆ గదుల్లో ఉండి పురుడు పోసుకుని వెళ్తారంది.

అక్కడ కూర్చున్న పదిమంది మెంబర్లలో ఏడుగురు ఆమె చేతుల్లో పుట్టినవాళ్లే. కర్ణాకర్ నోరు మెదపకపోతే చాలు, దవాఖాన ఆమెదే. ఆ సంగతి రాజమల్లయ్యకూ తెలుసు. అందుకే పొద్దున టెంటుకొచ్చి, అందరూ వినేలా నవ్వుతూ ఒక మాట అన్నాడు.

"సిస్టరమ్మ కాడ నీకు మొకమాటం ఉంటది కర్ణాకర్, మాకు తెల్వదా. చూద్దాం, నువ్వెటు దిక్కుంటవో."

టెంటులో ఎవరూ నవ్వలేదు. అందరూ అతని జవాబు కోసం చూశారు. అదే అతన్ని కాల్చింది.

ఇప్పుడు కర్ణాకర్ లేచి నిలబడ్డాడు. అమృతమ్మ కళ్లద్దాల కాడ విరిగితే తెల్లదారంతో కట్టి ఉంది. ఆమె మొహం చూడలేక ఆ దారం ముడినే చూశాడు.

"మేడం, మీ సొంతూరేది?"

మేడం అన్న మాటకు మూడో వార్డు మెంబరు బాలవ్వ తలెత్తి అతన్ని చూసింది. ఆ ఊళ్లో అమృతమ్మను అట్లా పిలిచినవాళ్లు లేరు.

"భీమవరం దగ్గర పల్లెటూరు," అంది అమృతమ్మ నెమ్మదిగా. "తెలిసిందేగా."

"మన జాగ మనోళ్లకే ఉండాలె," అన్నాడు కర్ణాకర్. "ఇగ నేను చెప్పేది లేదు."

ఒక్కొక్కటిగా చేతులు లేచాయి. ఎత్తినవాళ్లంతా నేల చూపులు చూశారు. బాలవ్వ మాత్రం చేతులు కొంగులో చుట్టుకుని కదలకుండా కూర్చుంది.

రాజమల్లయ్యకు ఖాయమైంది.

అమృతమ్మ తన అర్జీని నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది.

"ఇస్తారి గారూ, ఒక్క మాట. ఆ చివరి గదిని ఆఖర్న పడగొట్టించండి. కర్ణాకర్ పుట్టింది అందులోనే. ఎదురుకాళ్లతో వచ్చాడు. రెండు రోజులు పట్టింది. బిడ్డ దక్కడనే అనుకున్నారంతా."

ఆమె మెట్లు దిగి వెళ్లిపోయింది.

బాలవ్వ పోతూపోతూ కర్ణాకర్ పక్కన ఆగింది. "ఇయ్యాల బువ్వెట్ల దిగుతది బిడ్డా నీకు?"

టెంటులో కుర్రాళ్లు అతనికి దండ వేశారు. జై తెలంగాణ అన్నాడు. రోజూ అనే మాటే, ప్రాణంగా నమ్మిన మాటే. ఆ పూట దాన్ని నోటికి తెచ్చుకోవడానికి సిగ్గేసింది. ఆ మాట ఏ తప్పూ చేయలేదు, తప్పు చేసింది తనే. రాజమల్లయ్య వచ్చి భుజం తడితే ఇంకా సిగ్గేసింది.

దండ తీసి కుర్చీ మీద పెట్టి బయటికొచ్చాడు. ఇంటివైపు కాళ్లు రాలేదు. సిద్దిపేట బస్సులు రెండు వచ్చి వెళ్లేదాకా బస్టాపులో కూర్చున్నాడు. తెలిసినవాళ్లు పలకరిస్తే తల తిప్పుకున్నాడు.

దీపాలు పెట్టే వేళకు ఇంటికి చేరాడు. తలుపు తీసే ఉంది. చెప్పులు విప్పి, లైటు వేయకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

వంటింట్లోంచి అన్నం కంచం తెచ్చి కొడుకు ముందు పెట్టి, దారం కట్టిన కళ్లద్దాలు సర్దుకుంటూ, "పొద్దుటి నుంచి ఏమీ తినలేదుగా, తిను" అంది అమృతమ్మ.