గంజితో అంటించిన కవరు

మొదట్లో పర్శరాములు చేతిలో ఉన్నవి ఒక చిన్న నూలు దుకాణం, మంచి దస్తూరీ, ఒక దంపతుల నమ్మకం. వరంగల్‌లో నేత కార్మికుల సంఘం నడిపే వెంకటరాజం, అనసూర్యలకు అతనే కార్యదర్శి. ఎమర్జెన్సీలో వెంకటరాజం జైలుపాలయ్యాడు. దుకాణం వెనకగదిలో దాక్కున్న అనసూర్య చెబుతుంటే భర్తకు ఉత్తరాలు పర్శరాములే రాసేవాడు. కవరు మాత్రం ఆమె మగ్గం గంజితో అంటించేది.

"నీ జిగురు సీసా నువ్వే ఉంచుకో అన్నా. గంజి వాసనొస్తె మా ఆయనకు ఇల్లు యాదికొస్తది" అని నవ్వేది.

వానాకాలంలో ఆమె జ్వరంతో పోయింది. జైల్లో మనిషి తట్టుకోలేడని, ఆమె పేరుతో పర్శరాములే రాస్తూ వచ్చాడు.

ఒకరోజు జైలు నుంచి వెంకటరాజం జవాబొచ్చింది. "అన్నా, కవర్లకు గంజి వాసనొస్తలేదు. అనసూర్య ఉన్నదా? నిజం చెప్పు."

రాత్రి తలుపు గడియపెట్టి, ఏడుస్తూ నిజమే రాశాడు. వెనకగదిలో ఆమె మగ్గం ఒక్కసారి చప్పుడు చేసి ఆగింది. ఉత్తరం మడిచి కవరు అందుకున్నాడు. ఖాళీగా పెట్టిన కవరు అంటించి ఉంది. లోపల ఏదో కాగితం తగిలింది.

ఏది పంపాలో తెలియక తెల్లవార్లూ కూర్చున్నాడు. వాళ్ల నమ్మకంలో అతనికి చివరికి మిగిలింది వేళ్లకంటిన గంజి. అది ఇంకా వెచ్చగానే ఉంది.